బెనిన్ ఇత్తడి పలకలు, పాత ఫోటోలు: స్కాన్ చేసి పెడితే తిరిగిచ్చినట్టేనా?

కృష్ణాతీరం:
1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన బెనిన్ నగరాన్ని (ఇప్పటి నైజీరియాలో ఉంది) పట్టుకుని రాజుగారి కోటను ఊడ్చేసింది. అప్పటి ఫోటో ఒకటి చూడండి. కాలిపోయిన కోట ఆవరణలో ముగ్గురు అధికారులు తాపీగా కూర్చుని ఉంటారు, చుట్టూ నేలమీద కోటలోంచి తెచ్చిన ఇత్తడి పలకలు. దోపిడీకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇప్పుడు డిజిటల్ బెనిన్ వెబ్‌సైట్‌లో దేశదేశాల మ్యూజియాల్లో ఉన్న 5 వేలకు పైగా బెనిన్ వస్తువుల వివరాలు పెట్టారు, మంచి పనే. కానీ అసలు వస్తువు ఆ మ్యూజియాలు తమ దగ్గరే ఉంచుకుని బొమ్మ చూపిస్తే తిరిగిచ్చినట్టు ఎలా అవుతుంది? నా మటుకు కాదు. మీరేమంటారు?

శ్రావణమేఘం:
పలకల విషయంలో మీతోనే ఉన్నాను. ఫోటోల దగ్గరికొచ్చేసరికి మాత్రం స్కాన్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. నార్త్‌కోట్ థామస్ అనే ప్రభుత్వ మానవశాస్త్రవేత్త 1909 నుంచి 1915 దాకా దక్షిణ నైజీరియా, సియెర్రా లియోన్ ఊళ్ళు తిరిగి వేల ఫోటోలు తీశాడు. అవి వందేళ్ళు ఎక్కువగా ఇంగ్లండ్‌లోనే పడున్నాయి. ఈమధ్య పరిశోధకులు ప్రింట్లు వేయించి అవే ఊళ్ళకు పట్టుకెళ్తే, జనం తమ పెద్దల్ని గుర్తుపట్టారు. చాలా ఇళ్ళలో ఆ మనిషిది ఇంకో ఫోటో లేదు. ముత్తాత ముఖం మొదటిసారి చూసుకున్నవాళ్ళకు ఆ కాగితం తక్కువదేమీ కాదండి.

గోదారిగట్టు:
ఆ ఫోటోలు ఎలా తీశారో కూడా చెప్పాలి కదా. వెనక ఒక గుడ్డ కట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. చాలావాటిలో మనిషి పక్కన నంబరు పలక ఉంటుంది. 'జాతి లక్షణాలు' నమోదు చేయడానికట! సర్కారు పంపిన దొర నిలబడమంటే వద్దనగలిగేవాళ్ళు ఎందరు? కొందరు నవ్వుతున్నారు నిజమే, కొందరి కళ్ళలో కోపం దాచినా దాగడం లేదు. వాళ్ళవాళ్ళను అడక్కుండా అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టడం నాకు సమ్మతం కాదు. ముందు ఆ ఇంటికి ఇవ్వండి, బయట పెట్టాలో వద్దో వాళ్ళు చెప్తారు.

ఏటిఒడ్డు:
కెమెరా పట్టినవాళ్ళంతా దొరలే అనుకోవద్దు. బెనిన్ రాజు ఓవొన్‌రామ్వెన్‌ను ప్రవాసానికి కలబార్‌కు ఓడలో తీసుకెళ్తుండగా తీసిన ఫోటో ఉంది. వెనక కాపలా సిపాయిలు, ముందు కూర్చున్న రాజు కాళ్ళకు సంకెళ్ళు. తీసింది నైజీరియా తీరంలోని బోనీకి చెందిన ఆఫ్రికన్, జె.ఎ. గ్రీన్. అంతమందిలోనూ రాజు చూపు చెదరలేదు. ఇలాంటివి బయట పెట్టకపోతే ఆ మనిషికి జరిగిన అన్యాయం ఎవరికి తెలుస్తుంది?

రాయలసీమ రెడ్డి:
నాదొక అడ్డు ప్రశ్న. ఇస్తే ఎవరికివ్వాలి? బెనిన్ రాజులు మనుషుల్ని అమ్మి, పోర్చుగీసు వర్తకుల దగ్గర ఇత్తడి కడియాలు తీసుకున్నారు. ఆ కడియాలు కరిగించే చాలా పలకలు పోతపోశారు. అమెరికాలో బానిసల వారసుల సంస్థ ఒకటి 2022లో ఇదే మాట మీద కోర్టుకెక్కింది. 2023లో నైజీరియా అధ్యక్షుడేమో తిరిగొచ్చేవన్నీ ఇప్పటి రాజుకు చెందుతాయని ప్రకటించాడు. పాపం పంచుకున్నవాళ్ళకే సొత్తు దక్కితే న్యాయమా?

కృష్ణాతీరం:
రెడ్డిగారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. బానిసల వారసులకు అందులో మాట ఉండాలనే నేనూ అంటాను. కానీ వారసుల మధ్య తగువు ఉందని దోచుకున్నవాడు సొత్తు దగ్గర పెట్టుకుంటే ఎట్లా? ఆ తగువు వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు.

నైజీరియాలో వస్తువులకు భద్రత ఉండదని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా: 2023లో సుమారు 2 వేల వస్తువులు పోయాయనో, పాడయ్యాయనో బయటపడింది బ్రిటిష్ మ్యూజియంలోనే. మ్యూజియం వస్తువుల్ని వదులుకోకుండా ఆపే 1963 చట్టం అడ్డొస్తోందని కూడా అంటారు. అదే మ్యూజియం 1950ల్లో 'నకళ్ళు' (ఇలాంటివి మా దగ్గర ఇంకా ఉన్నాయి) అనే పేరుతో కొన్ని బెనిన్ పలకలు అమ్మేసింది. కొన్నవాళ్ళలో నైజీరియా కూడా ఉంది! తమ దగ్గర దోచుకున్నది తామే డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మన అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా అదే భవనంలో, అదే చట్టం కింద ఉన్నాయి. కాబట్టి ఇది మనకు ఎవరో పరాయివాళ్ళ గొడవ కాదు.

శ్రావణమేఘం:
మరి దారి ఏమిటంటారు?

కృష్ణాతీరం:
లండన్‌లోనే హార్నిమన్ మ్యూజియం 2022లో చేసినట్టు. 72 వస్తువుల హక్కు నైజీరియాకు రాసిచ్చేసింది. ముందు 6 వస్తువులు అప్పగించి, మిగతావి నైజీరియా అనుమతితో అరువుగా ఉంచుకుంది. ఇప్పుడు అడగాల్సింది లండన్, ఒప్పుకోవాల్సింది నైజీరియా. ఫోటోలకు గోదారిగట్టు గారు చెప్పిన పద్ధతే సరి: ప్రింటు ముందు ఇంటికి, ఆన్‌లైన్ సంగతి వాళ్ళు ఒప్పుకున్నాకే. రాజు సంకెళ్ళ ఫోటోకైనా ముందు ఆయన కుటుంబాన్ని అడగాలనే నేనంటాను. ఏటిఒడ్డు గారు దీనికి ఒప్పుకోరని తెలుసు, అయినా నా మాట అదే.