నెయిల్ పాలిష్ మూడో రోజుకే పెచ్చులూడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
వచ్చే నెల మా చెల్లి పెళ్లి. పోయినసారి పార్లర్‌లో జెల్ పాలిష్ తీయించుకున్నాక గోళ్లు పల్చబడిపోయాయి, అందుకే ఈసారి ఇంట్లోనే వేసుకుంటున్నా. గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు నానబెట్టి, కొబ్బరినూనె రాసి, తుడిచేసి రెండు కోట్లు వేస్తా. ఎడమచెయ్యి వారం ఉంటుంది గానీ కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మాత్రం మూడో రోజుకే కొసల్లో ఊడిపోతాయి. అంట్లు నేనే తోముతాను. ఇంకోటి, సీసాలో చూసి ముచ్చటపడి తెచ్చుకున్న లేత గులాబీ నా చామనచాయ చేతికి సున్నం పూసినట్టుంది. రంగు ఎలా చూసుకోవాలి అక్కా?

జవాబు:
చేతులు నానబెట్టడం మానెయ్ అమ్మా, అసలు చిక్కు అక్కడే ఉంది. గోరు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది, పైన గట్టిపడిన పాలిష్ దాంతోపాటు కదల్లేక పగులుతుంది. అంట్లు తోమేటప్పుడూ జరిగేది ఇదే. నూనె ఎంత తుడిచినా పల్చటి జిడ్డు ఉండిపోతుంది, దాని మీద రంగు పట్టదు. స్నానం చేసిన ఒకటి రెండు గంటలకి, రిమూవర్ ముంచిన దూదితో గోళ్లన్నీ తుడిచి బేస్ కోట్ (రంగుకి ముందు అడుగున వేసే పూత) వెయ్యి. తర్వాత రంగు రెండు పల్చటి కోట్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగి, పైన టాప్ కోట్ (రంగుని కాపాడే పారదర్శక పూత). ప్రతిసారీ కుంచెని గోరు కొస అంచు మీద కూడా ఓసారి అడ్డంగా లాగు, నీకు ఊడేది అక్కడే కదా. పాలిష్ మొత్తం ఆరాక నూనె గోరు చుట్టూ చర్మానికి రాసుకో.

ఇంకో జవాబు:
రంగు సంగతి నేను చెప్తా. గోటికి పారదర్శకమైన సెల్లో టేప్ అంటించి దాని మీద రెండు కోట్లు వేసి, పగటి వెలుతుర్లో ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి. నచ్చకపోతే టేప్ పీకేస్తే సరి. లేత రంగుల్లో తెలుపు ఎక్కువ కలుస్తుంది, అందుకే అలా సున్నంలా కనిపిస్తుంది. మన చాయకి ఇటుక రంగు, రాగి, వంకాయ రంగు ఎంత బాగుంటాయో! గోరింటాకు ముందే పెట్టేసుకోండి. గోటికి పండిన ఎరుపు గోరు పెరిగి కత్తిరించేదాకా పోదు, గోరేమో నెలకి మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి పైన లేత రంగు వేస్తే కింది ఎరుపు కనిపిస్తుంది.

మరొకరు:
సీసా గట్టిగా ఊపకండి, బుడగలొస్తాయి, అరచేతుల మధ్య దొర్లిస్తే చాలు. వేసిన రోజు వేడినీళ్లలో చెయ్యి పెట్టొద్దు. పైపైన ఆరినట్టున్నా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, రాత్రి వేసుకుని పడుకుంటే దుప్పటి నేత గోటి మీద అచ్చు పడేది అందుకే.

అడిగినావిడ:
ఎడమచేతికి నా పాత పద్ధతిలో, కుడిచేతికి మీరు చెప్పినట్టు వేసి చూశానక్కా. ఈరోజు ఆరో రోజు. కుడిచేత్తో రోజూ అన్నం కలుపుతున్నా చూపుడువేలి కొస కాస్త అరిగిందే తప్ప ఒక్క పెచ్చూ లేవలేదు, ఎడమ బొటనవేలిది మాత్రం నిన్ననే లేచింది. టేప్ మీద నాలుగు రంగులు వేసి చెల్లి మెరూన్ పట్టుచీర పక్కన పెట్టి చూస్తే జరీకి రాగి రంగు భలే కలిసింది, అదే ఖాయం చేశా. అంట్లకి రబ్బరు గ్లవ్స్ కూడా తెచ్చుకున్నా.