సమస్యాపూరణం: "చదువు మానువాడె శాస్త్రవేత్త"

నిర్వాహకుడు: తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి తోటి స్కాలర్‌ని గదమాయిస్తోంది: "ఇక చదవడం మానెయ్, థీసిస్ రాయి!" ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వారం సమస్య అదే, దాన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

చదువు మానువాడె శాస్త్రవేత్త

తార్నాక తుమ్మెద:

పేపరొకటి చదివి వేరొండు వెదకుచు
చదివి చదివి యేండ్లు జరిగిపోవు
వ్రాత బల్ల మీద వ్రాయగా గూర్చుండి
చదువు మానువాడె శాస్త్రవేత్త

మా ల్యాబులో అందరికీ ఉన్న జబ్బే ఇది. ఒక పేపరు చివరి రిఫరెన్సులు పట్టుకుని ఇంకో పది డౌన్‌లోడ్ చేస్తాం. మొదటి చాప్టరు ఫైలు తెరిస్తే హెడ్డింగు తప్ప ఏమీ ఉండదు.

నల్లకుంట నారికేళం: భావం బాగుంది. 'పేపరొకటి' బదులు 'పత్రమొకటి' అంటే పద్యానికి నిండుదనం వచ్చేది.

తార్నాక తుమ్మెద: అప్పుడు 'వే'తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కలవాల్సిన అక్షరం, ఎలా కుదురుతుందండీ? పైగా పత్రం అనేది సెమినార్ బ్యానర్ మీదే. క్యాంటీన్లో అందరూ పేపరే అంటారు.

గచ్చిబౌలి గౌతమి:

నెలలు గడచె గాని నీరైన పోయరు
వేతనమ్ము లేదు వేళకసలు
వేరు వరకు నెండె వేసవి కాలాన
చదువు మాను వాడె, శాస్త్రవేత్త!

చార్మినార్ చకోరం: అమ్మా గౌతమీ, ఏం విరిచావమ్మా! చదువనే మాను వాడిపోయింది. ఇక ఈ వారం మేము రాయడం ఎందుకు?

నల్లకుంట నారికేళం: విరుపు గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ రెండు, మూడు పాదాలు రెండూ 'వే'తోనే యతి. అంత మంచి నాలుగో పాదానికి ముందు ఆ మాత్రం శ్రమ పడొద్దూ? ఇంకో మాట. 2023 జనవరి నుంచి పరిశోధక విద్యార్థుల నెలవారీ ఫెలోషిప్ పెరిగింది: జూనియర్లకిచ్చే జేఆర్‌ఎఫ్ 31,000 నుంచి 37,000 అయింది. సీనియర్లకిచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ 35,000 నుంచి 42,000. మాను ఎందుకు వాడినట్టు?

గచ్చిబౌలి గౌతమి: పెరిగింది, కాదనను. 'వేళకు' అన్న మాట చూడండి నారికేళం గారూ. హాజరు పత్రం, గైడు సంతకం, ఆఫీసు ముద్ర అన్నీ అయ్యాక కూడా నెలల తరబడి ఆగి, డబ్బంతా ఒకేసారి పడుతుంది. ఇంటి ఓనరు మాత్రం ఒకటో తారీఖునే తలుపు కొడతాడు. ఆ మధ్య రూమ్మేట్ దగ్గర అప్పు చేసి మెస్ బిల్లు కట్టాను. మొత్తం ఎంత అనేది ఎంత ముఖ్యమో, ఎప్పుడు అనేదీ అంతే ముఖ్యం.

మౌలాలి మిత్రుడు: మొదటిసారి పూరిస్తున్నాను, పెద్దలు చూడాలి.

తెల్లవారగానె సెల్లును చేపట్టి
పనికిరాని పోస్టులు పదులు జూచి
ల్యాబు గడప దాక లాక్కొచ్చు నా ఫోను
చదువు మానువాడె శాస్త్రవేత్త

నల్లకుంట నారికేళం: మొదటి పాదంలో 'తె'కూ 'సె'కూ యతి ఏది నాయనా?

చార్మినార్ చకోరం: ప్రాసయతి నారికేళం గారూ, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు. 'ల్ల' కనబడటం లేదా? తమ్ముడూ, అసలు దెబ్బ రెండో పాదంలో తగిలింది. 'పోస్టులు'లో ఆ 'లు' ఒక్కటే ఎక్కువ. దానివల్ల యతి కూడా 'ప' మీద పడక 'లు' మీద పడింది. 'పోస్టు పదులు జూచి' అను చాలు. 'ఫోను చదువు' అని కలిపావు చూడు, అది చక్కగా ఉంది.

మౌలాలి మిత్రుడు: మార్చాను అన్నా, 'పనికిరాని పోస్టు పదులు జూచి'. థాంక్స్.

చార్మినార్ చకోరం: గౌతమి మానును వాడగొట్టింది కదా, నేను దాన్నే చదివిస్తాను.

వలయములను లెక్క వ్రాసి, వయసు జెప్పి,
వాన లెపుడు కురిసె, వరద లెపుడు
వచ్చె ననుచు నెవడు వరుసగా బ్రతిపుట
చదువు మాను, వాడె శాస్త్రవేత్త

గచ్చిబౌలి గౌతమి: మూడు పాదాలూ వకారంతో ఎత్తుకుని యతి కూడా వకారంతోనే! కాండంలోని వలయాలే పుటలుగా మానును చదివేవాడు. చకోరం గారూ, ఈ వారం మీదే.

నల్లకుంట నారికేళం: తొందరపడకండి. గోల్కొండ నయా ఖిలాలో బాబాబ్ చెట్టు ఉంది, హాథియాన్ కా ఝాడ్ అంటారే, దాని దగ్గరికెళ్లి ఈ పద్యం చదవగలరా? బాబాబ్‌లో వలయాలు స్పష్టంగా ఉండవు, కాండం లోపల బోలు. వయసు తేల్చాలంటే రేడియోకార్బన్ పరీక్షే దిక్కు.

చార్మినార్ చకోరం: బాబాబ్ అని నేనెక్కడన్నాను? నా మనసులో ఉన్నది టేకు. ఏటికో వలయం తేటగా కనబడుతుంది. వానలు తగ్గిన ఏడు వలయం సన్నబడుతుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్లు టేకు వలయాలతోనే పాత రుతుపవనాల లెక్క తీశారు. చెట్ల సంగతి సరే, పోయినసారి 'ఎలుక చచ్చి తెచ్చె నెంతొ కీర్తి'కి మీ పూరణలో 'విషప్రయోగము' అని వేసి 'ష'ను లఘువు (పొట్టి అక్షరం) చేశారే, దానికి ఇంతవరకూ జవాబు లేదు.

నల్లకుంట నారికేళం: తెలుగులో 'ప్ర' ముందు అక్షరాన్ని ఒత్తకుండా లఘువుగానే తేల్చి పలకడం ఉంది.

చార్మినార్ చకోరం: వేరు వేరు పదాలైతే ఉంది. ఇది సంస్కృత సమాసం, 'ష' గురువు (నిడుపు అక్షరం) కాక తప్పదు. ల్యాబు ఎలుక మీద అంత జాలిగా రాసిన పద్యం ఆ ఒక్క చోట కుంటుతుంటే నాకే బాధేసింది. 'విషము బెట్టి' అంటే గణాలు నిలబడతాయి.

నల్లకుంట నారికేళం: 'విషము బెట్టి' అంటే తర్వాతి పదంతో అన్వయం తెగుతుంది. సాయంత్రం చూసి, ఆ సమస్య కిందే పెడతాను. అక్కడికి రండి.