మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రాత్రి మనసును నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న (గ్రూప్స్ అభ్యర్థి):
హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. మాక్ టెస్టులో మార్కులు తగ్గిన రోజున, తెలిసి కూడా తప్పు పెట్టిన ప్రశ్నలే కళ్ల ముందు మెదులుతూ, అక్కడి నుంచి ఆలోచన ఇంటి పరిస్థితికీ, దాటిపోతున్న వయసుకూ పాకి, తెల్లవారుజాము దాకా కునుకు పట్టనివ్వడం లేదు. అప్పుడు టెలిగ్రామ్ గ్రూపులు తెరిచి ఇతరుల మార్కులు చూసి మరింత కుంగిపోతున్నాను. మనసు గట్టిపడాలంటే ముందుగా ఏ అలవాటును వదులుకోవాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు):
తప్పును దిద్దుకోవడానికి ఆలోచించడం వేరు, ఆ తప్పునే పదే పదే తవ్వుకోవడం వేరు. రెండోది పైకి శ్రద్ధలాగే కనిపిస్తుంది కనుక వదలడం కష్టం. ఇలా తవ్వుకునేవారిలో దిగులు ఎక్కువకాలం నిలుస్తుందని అమెరికా మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సీమా 1991లో ప్రతిపాదించారు. అయితే ఆ ఆలోచనను బలవంతంగా అణచకండి. 1987లో మరో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం చేసిన ప్రయోగంలో, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని ముందుగా చెప్పించుకున్నవారికి ఆ తర్వాత అదే మరింతగా గుర్తుకొచ్చింది. దానికి బదులు సాయంత్రం ఒక అరగంట కేటాయించి, ప్రతి తప్పు పక్కన అది తెలియక జరిగిందా, తొందరలో జరిగిందా, ప్రశ్న సరిగా చదవక జరిగిందా అని రాసి, మళ్లీ చదవాల్సిన పేజీ గుర్తుపెట్టుకోండి. రాత్రి అదే ఆలోచన వస్తే ఒక ముక్క కాగితం మీద రాసి రేపటి అరగంటకు వాయిదా వేయండి.

సమాధానం 2 (ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న మాజీ అభ్యర్థి):
మేడమ్ గారు చెప్పినది సరైనదే కాని, టెస్టు రాసిన సాయంత్రమే ఆ పని పెట్టుకోవద్దని నా అభిప్రాయం. మర్నాడైతే మనసు కొంత కుదుటపడుతుంది. నా దృష్టిలో ముందు వదలాల్సింది రాత్రిపూట ఫోన్. కీ విడుదల కాగానే "మీకెన్ని?" అంటూ మొదలయ్యే సందేశాలకు బాగా వచ్చినవారే జవాబిస్తారు, తక్కువ వచ్చినవారు మౌనంగా ఉండిపోతారు, కాబట్టి అక్కడ కనిపించే మార్కులను బట్టి మీ స్థానాన్ని అంచనా వేసుకోకండి తమ్ముడూ. మెటీరియల్ ఇచ్చే గ్రూపులు ఉంచుకుని మిగిలినవాటి నుంచి బయటికి రండి. ఫోన్‌ను మంచానికి దూరంగా చార్జింగ్ పెట్టి, లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి.

సమాధానం 3:
రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే, బతుకు మీద విరక్తి కలిగితే ఆ క్షణమే, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. ఇది ఉచితం, రాత్రిపూట కూడా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పి ఉంచండి.