ఎదుటివాళ్ల మనసు ఇట్టే తెలిసిపోతుంది, నిద్ర మాత్రం పట్టట్లేదు

కాలువగట్టు:

నాది తెనాలి. తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్‌ని. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ మీద, అంటే మన మనసునీ ఎదుటివాళ్ల మనసునీ చదివి మెలగడం మీద, మాకు రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు. అందులో నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. మనిషి లోపలికి వచ్చే నడకలోనే చెప్పేస్తాను, డబ్బు తీసేయడానికి వచ్చారా, ఊరికే పలకరించి పోవడానికి వచ్చారా అని. కోపంగా వస్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. వాళ్లు చెప్పడం అయిపోయేదాకా నోరు విప్పను. బ్రాంచిలో గొడవైతే మేనేజర్ పిలిచేది నన్నే.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు మార్చి క్లోజింగ్‌లో ఒక పెద్దావిడ వచ్చారు. వాళ్లాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి పోయారు. ఆ డబ్బు ఆరు లక్షలు మా దగ్గర ఎఫ్‌డీ. అది మెచ్యూర్ అయింది. నా టార్గెట్‌కి ఇంకా ఒక ఇన్సూరెన్స్ పాలసీ తక్కువ. ఆవిడ వయసుకి సరిపడే పాలసీ లేదని కొడుకు పేరు మీద రాయించాను. ఏడాదికి రెండు లక్షల చొప్పున ఐదేళ్లు కట్టాలి. ఆవిడతో అన్నది మాత్రం, "ఎఫ్‌డీ లాంటిదేనమ్మా, ఇంకాస్త ఎక్కువ వస్తుంది." ఐదేళ్లు అనే మాట కూడా అన్నాను. కానీ ఆవిడ చెవిన పడకుండా ఎలా అనాలో నాకు తెలుసు.

ఈ మార్చిలో ఫోన్ పట్టుకొచ్చారు. "బాబూ, మళ్లీ రెండు లక్షలు కట్టమని మెసేజ్ వచ్చిందేంటి?" గొంతు వణుకుతోంది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, మనవరాలి చదువు గురించి అడిగి, మీ మంచికేనమ్మా అని ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ చల్లబడి, నా తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్లారు. మేనేజర్ బొటనవేలు ఎత్తి చూపించారు.

ఆ రోజు నుంచి రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేస్తోంది. ఫోన్లో ధ్యానం యాప్ పెట్టుకున్నాను, పొద్దున్నే నడుస్తున్నాను. నువ్వు మరీ సెన్సిటివ్ అయిపోతున్నావు అంటుంది మా ఆవిడ. ఇంటి లోన్ ఈఎంఐ 23 వేలు, ఉద్యోగం మానే ప్రశ్న లేదు. నా అనుమానం ఏంటంటే, అందరి ఎమోషన్స్ హ్యాండిల్ చేసే నాకు నావి చేతకావట్లేదా? ఇదీ ఒక స్కిల్ లోపమేనా?

నైట్‌డ్యూటీ:

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పద్నాలుగేళ్ల సర్వీసు. మీ రెండున్నర మెలకువ నాకు బాగా తెలుసు. మా నర్సింగ్‌లో దీన్ని మోరల్ డిస్ట్రెస్ అంటారు. ఆండ్రూ జేమ్టన్ అనే ఆయన 1984లో నర్సుల గురించి రాస్తూ పెట్టిన పేరు. చేయాల్సింది ఏమిటో మనకి తెలుసు, పని చేసే చోటు చేయనివ్వదు. అలసటలాగే ఉంటుంది గానీ సెలవు పెట్టి పడుకుంటే పోయే అలసట కాదు.

ఒక్క తేడా చెప్తాను, ఏమీ అనుకోకండి. మా చేతులు చాలాసార్లు నిజంగానే కట్టేసి ఉంటాయి. మీ చేతులు సగమే కట్టేశారు. "చెవిన పడకుండా ఎలా అనాలో తెలుసు" అని మీరే రాశారు.

నిద్ర ఇలాగే ఉంటే డాక్టర్ని కలవండి. కుదరకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా ఎత్తుతారు.

పాఠాలు చెప్పేదాన్ని:

డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను కాబట్టి కాస్త క్లాసు పీకుతాను, భరించండి.

స్కిల్ లోపం కాదండీ. మీ స్కిల్ ఒకవైపు లాగుతోంది, మీరు మంచి అనుకునేది ఇంకోవైపు లాగుతోంది. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1983లోనే విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద, అప్పులు వసూలు చేసేవాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. జీతం కోసం నవ్వు తెచ్చిపెట్టుకోవడం, జీతం కోసం కరుకుతనం తెచ్చిపెట్టుకోవడం. పైపైన నటించడం ఒక రకం. మనల్ని మనమే నమ్మించుకుని లోపలి నుంచి నటించడం రెండో రకం. మీరు రెండోదాంట్లో దిట్ట. అందుకే అంత బాగా పనిచేసింది, అందుకే ఇంత గుచ్చుకుంటోంది కూడా. ఆ ఇరవై నిమిషాలు ఆవిడ మీద మీకున్న అభిమానం అబద్ధం కాదు. దాన్ని వాడుకున్నారు, అంతే.

మానసికంగా బాగుండటం అంటే సంతోషంగా ఉండటం ఒక్కటే కాదని కారల్ రిఫ్ అనే సైకాలజిస్టు 1989లో ఆరు కొలతలు చెప్పింది. నలుగురితో మంచి సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితుల్ని నడిపించుకోగలగడం, ఈ రెండూ మీకు దండిగా ఉన్నాయి. మిగతావాటిలో మనల్ని మనం ఒప్పుకోగలగడం ఒకటి, ఎవరి ఒత్తిడీ లేకుండా మన తూకంతో మనం నిర్ణయించుకోవడం ఇంకొకటి. దెబ్బ తిన్నవి ఈ రెండు. ధ్యానం యాప్ వాటి జోలికి పోదు. మంట ఎక్కడుందో చూడకుండా పొగకి కిటికీ తీసినట్టు.

ఆ "సెన్సిటివ్" అనే మాట కూడా నాకు నచ్చలేదు. మీకు కలిగింది గిల్టు. అది జబ్బు కాదు, ఉండాల్సిన చోటే ఉంది.

గడుసుపిండం:

విలువలుంటే చాలనుకోకండి సార్. మా బావగారు నిప్పులాంటి మనిషి, రూపాయి తినడు, తిననివ్వడు. కోపం ఆపుకోవడం మాత్రం రాదు. ఆఫీసులో అందరితో గొడవే. మూడు ట్రాన్స్‌ఫర్లయ్యాయి, బీపీ మాత్ర వేసుకుంటాడు, ఇంట్లో పిల్లలు ఆయన చెప్పు చప్పుడికి గదుల్లోకి పోతారు. ఆయన పట్టుదలలో సగం మీకు, మీ మాటతీరులో సగం ఆయనకి ఉంటే ఇద్దరూ బాగుపడేవాళ్లు.

అది పక్కన పెట్టండి. మీ నిద్ర సంగతి తర్వాత, ముందు ఆవిడ రెండు లక్షల సంగతి చూడండి. పాలసీ వద్దనుకుంటే వెనక్కిచ్చేసే గడువు, ఫ్రీ లుక్ అంటారు, ఆ 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అయినా దారి ఉంది. ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాలి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆవిడకి ఇవన్నీ ఎవరు చెప్తారు? ఆవిడ కోపాన్ని చల్లార్చింది మీరేగా.

కాలువగట్టు:

ఆ చివరి మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. నిజమే, ఆవిడకి కోపం రావాల్సింది. నేనే రానివ్వలేదు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఏం మాట్లాడాలో ముందుగా అనుకోకుండా వెళ్లాను. నేను తప్పు చెప్పి పాలసీ చేయించానమ్మా అని అనేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నాకు అలవాటు కదా, ఆ మౌనంలో మనవరాలి చదువు మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. తర్వాత ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. లోపలి నుంచి కొడుకు వచ్చి ఇంకో నాలుగు అన్నాడు. కాఫీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో నేను కాఫీ తాగకుండా వచ్చింది అదే మొదలు.

ఫిర్యాదు కాయితం మాత్రం నేను చెప్తుంటే కొడుకు రాశాడు, ఆవిడ సంతకం పెట్టారు. నా పేరు కూడా రాయించాను. రాయించేటప్పుడు చెయ్యి చెమట పట్టింది, అబద్ధమెందుకు.

ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. ఈసారి భయం వల్ల. ఉద్యోగం ఏమవుతుంది, ఈఎంఐ ఎలా కట్టాలి అని. మా ఆవిడ లేచి కూర్చుంది. ఏమైంది అంటే మొత్తం చెప్పాను. ఈసారి సెన్సిటివ్ అనలేదు. వాళ్ల నాన్నకి కూడా నేను అలాంటి పాలసీ ఏమైనా చేయించానా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు.

నిన్న పొద్దున మీటింగులో ఈ నెల ఇన్సూరెన్స్ ఎన్ని అని అడిగితే, అడిగి వచ్చినవాళ్లకే చేస్తాను, నంబరు చెప్పలేను అన్నాను. గొంతు పెంచలేదు, నవ్వలేదు కూడా. మేనేజర్ నా వైపు కాసేపు చూసి, పక్క కుర్చీ వాడిని అడిగారు.