యాజమాన్యమా, నిర్వహణా?

ప్రశ్న: మేనేజ్‌మెంట్ పాఠాలు తెలుగులో రాస్తూ మొదటి పేజీలోనే ఆగిపోయాను. మేనేజ్‌మెంట్‌ని యాజమాన్యం అనాలా, నిర్వహణ అనాలా? పత్రికల్లో ‘యాజమాన్యంతో కార్మికుల చర్చలు’ అని రాస్తారు. పెద్ద కంపెనీల్లో ఆ చర్చలకు కూర్చునేది ఓనర్లు కాదు కదా?

జవాబు: మీ తికమక సబబే అండీ. యజమాని అంటే ఇప్పుడు సొంతదారు. సంస్కృతంలో యజమానుడంటే యజ్ఞం చేయించుకునేవాడు. ఖర్చు అతనిది, ఫలమూ అతనిదే. మంత్రాలు చదివి, హోమం చేసి, తంతు నడిపేది ఋత్విజులు. వాళ్లకు ముట్టేది దక్షిణ. వ్యాకరణం కూడా ఈ తేడా పట్టించుకుంది. పాణిని వ్యాకరణ సూత్రం 1.3.72 ప్రకారం క్రియాఫలం (పని ఫలితం) కర్తకే చెందితే ‘యజతే’, అంటే తన కోసం యజ్ఞం చేస్తాడు. ఋత్విజులు ఇంకొకరి కోసం చేస్తారు కాబట్టి వాళ్లకు ‘యజంతి’. ‘యజమాన’ అన్నది ఆ ‘యజతే’ వైపు రూపం.

ఇక కంపెనీని చూడండి. పెట్టుబడి వాటాదార్లది, లాభనష్టాలు వాళ్లవి. పని నడిపి జీతం తీసుకునేది మేనేజర్లు. అంటే వాటాదారు యజమానుడు, మేనేజరు ఋత్విజుడు. (యజ్ఞంలో మాట్లాడకుండా కూర్చుని తప్పులు కనిపెట్టే ‘బ్రహ్మ’ అనే ఋత్విజుణ్ని ఆడిటర్ అనొచ్చేమో!) మనం మాత్రం ఋత్విజులను పట్టుకుని యాజమాన్యం అంటున్నాం. సొంతదారే దగ్గరుండి నడుపుకునే రోజుల్లో ఆ మాటతో ఇబ్బంది లేదు. పెద్ద కంపెనీల్లో సొంతం ఒకరిది, అదుపు ఇంకొకరిది అయిపోయిందని అమెరికా పండితులు బెర్లీ, మీన్స్ 1932లోనే రాశారు.

నిర్వహణలో ఉన్నది ‘వహ్’, మోయడం. చివరిదాకా మోసుకుపోవడం నిర్వహించడం. నాటకంలో కథను ముగింపుకు చేర్చే ఐదో సంధి (కథాభాగం) పేరూ నిర్వహణమే. ఫ్రెంచ్ మేనేజ్‌మెంట్ సిద్ధాంతకర్త ఫేయోల్ 1916లో చెప్పిన ఐదు పనులు, అంటే ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, నియంత్రణ, అన్నీ మోసేవాడివే. పనికి నిర్వహణ, మనుషులకు నిర్వాహకులు అనండి.

ఇంకొకరు: సస్య యాజమాన్యం, నీటి యాజమాన్యం ఎప్పుడో పాతుకుపోయాయి. ఆ మాట విని రైతు నీటికి ఓనరని ఎవరూ అనుకోరు. అర్థం మారిపోయాక మూలం తవ్వి ఏం లాభం? పైగా ‘నిర్వహణ ఖర్చు’ అంటే చాలామందికి మెషిన్ల మెయింటెనెన్సే గుర్తొస్తుంది.

జవాబు: పంటల దగ్గర, పత్రికల దగ్గర వద్దనను. కానీ ఈ పాఠంలో ఓనర్‌షిప్ కూడా వస్తుంది. దానికి ఏ మాట మిగులుతుంది? ‘యాజమాన్యం యాజమాన్యానికి జవాబుదారీ’ అని రాసుకోవాలి! మెయింటెనెన్స్ సంగతి నిజమే. దాన్ని నేను మెయింటెనెన్స్ అనే ఉంచేస్తాను.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. మరి డెసిషన్‌కీ, రిజల్యూషన్‌కీ కూడా నిర్ణయం అనే రాసేశాను.

జవాబు: విడదీయండి. నిర్ణయానికి ఒక్కరు చాలు, తీర్మానానికి సభ కావాలి. ధర ఎంత పెట్టాలో మేనేజరు తేల్చితే నిర్ణయం. ప్రతిపాదన పెట్టి, ఓటేసి, మినిట్స్‌లో ఎక్కిస్తే తీర్మానం. అది బోర్డు చేసినా, వాటాదార్ల సభ చేసినా అంతే. ‘బోర్డు నిర్ణయించింది’ అని మామూలుగా అంటాం, తప్పేం లేదు. కానీ మినిట్స్ తెలుగులో రాస్తే మాత్రం ‘తీర్మానించడమైనది’ అనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: అయితే మూడో పేజీ కూడా తిరగరాయాలి. అక్కడ మేనేజరు చేత తీర్మానాలు చేయించాను.