పది మీటర్ల ఎయిర్ రైఫిల్: చవక సైట్ మార్చాలా, ఉంచాలా?

మియాపూర్ నాన్న:
మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఏడాదిగా ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. రైఫిల్ సెకండ్ హ్యాండ్, దాంతో వచ్చిన మామూలు డయాప్టర్ సైటే (సన్న రంధ్రంలోంచి గురిచూసే వెనక సైట్) వాడుతున్నాం. ఒక్కో షాట్‌కి స్కోరు 10.3, 10.4 పడుతూ పడుతూ ఒక్కసారి 9.5, అదీ కుడివైపుకే. రేంజ్‌లో అందరూ జర్మన్ సైట్ కొనమంటున్నారు. ఆ డబ్బుతో నెలల తరబడి పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్ళు) వస్తాయి. ఏం చేయమంటారు?

విశాఖ రైఫిల్:
కొనే ముందు ఒక పరీక్ష పెట్టండి సార్. రైఫిల్‌ని ఇసుక సంచుల మీద ఆనించి అయిదు షాట్లు కొట్టించండి. సైట్ కుడికి ఇరవై క్లిక్కులు తిప్పి మళ్ళీ అయిదు. ఎడమకి ఇరవై వెనక్కి తిప్పి ఇంకో అయిదు. అయిదేసి షాట్ల గుంపుని గ్రూపు అంటాం; మొదటి గ్రూపు, మూడో గ్రూపు ఒకదాని మీద ఒకటి పడాలి. నా మొదటి సైట్‌కి రెండు మిల్లీమీటర్లు పక్కకి పడ్డాయి. టార్గెట్ మధ్యలో ఉండే పది పాయింట్ల రింగు వ్యాసమే 0.5 మిల్లీమీటర్లు! చవక సైట్‌లో అసలు జబ్బు స్క్రూలో ఉండే వదులు. నాలుగు క్లిక్కులు ఎక్కువ తిప్పి, నాలుగు వెనక్కి తెచ్చి, ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి ఆపేవాణ్ణి. అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

రింగ్ టెన్:
ఫ్రంట్ రింగ్ (గొట్టం చివర ముందు సైట్‌లో ఉండే రింగ్) సైజు ఎంత? చిన్న రింగ్ పెడితే నల్లచుక్క చుట్టూ తెల్లటి అంచు సన్నబడిపోతుంది. దాన్ని సరిగ్గా మధ్యకి తేవాలని పిల్లలు ఊపిరి బిగబట్టి ఆగిపోతారు, ఆ ఆగడంలోనే షాట్ చెడుతుంది. 4.0 మిల్లీమీటర్లది పెట్టి చూడండి. అయితే ఖరీదైన ఐరిస్ (వెనక సైట్ రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసే భాగం) దండగ అని మాత్రం అనను. వెలుతురు మారే రేంజ్‌లలో రంధ్రాన్ని 0.5 నుంచి 3.0 మిల్లీమీటర్ల దాకా మార్చుకోవచ్చు. నాకు అది నిజంగా పనికొచ్చింది.

కర్నూలు స్ప్రింగర్:
మా ఇంట్లో స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, దానికి స్కోప్ పెట్టవచ్చా?

విశాఖ రైఫిల్:
పెట్టవచ్చు తమ్ముడూ, పోటీల్లో మాత్రం స్కోప్ ఒప్పుకోరు. స్ప్రింగ్ గన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా తంతుంది, మామూలు స్కోప్‌లో లోపలి భాగాలు ఊడిపోతాయి. ఎయిర్ గన్‌కి తట్టుకునేదే అడుగు. ఫోకస్ పది గజాలకి దిగేది చూడు, వంద గజాలకి బిగించింది దగ్గర్లో మసకగా కనిపిస్తుంది. మౌంట్ (స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే పట్టీ) వెనక్కి జారకుండా స్టాప్ పిన్ తప్పనిసరి.

వరంగల్ అమ్మ:
మియాపూర్ అన్నయ్యగారూ, ఎదిగే పిల్లకి కొత్త షూటింగ్ జాకెట్ ఇప్పుడే కొనకండి. మా బాబుకి ఏడాదిన్నరకే భుజాల దగ్గర పట్టలేదు. మూసే కంటికి నల్ల అట్ట కాకుండా పాలరంగు ప్లాస్టిక్ ముక్క పెట్టండి. నల్లది పెడితే చీకటికి గురిచూసే కంటిపాప కూడా పెద్దదవుతుంది.

మియాపూర్ నాన్న:
ఆదివారం పరీక్ష పెట్టాం. మొదటి, మూడో గ్రూపులు కలిసిపోయాయి. సైట్ బాగానే ఉందండీ. ఫ్రంట్ రింగ్ తీసి చూస్తే 3.4! కోచ్ గారినడిగి 4.0 వేశాం. నిన్న అరవై షాట్లలో కుడికి పోయినవి మూడే. అంతకుముందు వారం తొమ్మిది. ఇక సైట్ డబ్బు పెల్లెట్లకే. ఒకే కంపెనీవి 4.49, 4.50 మిల్లీమీటర్ల సైజు పెల్లెట్లు రెండు డబ్బాలు తెచ్చాను, వచ్చే ఆదివారం వాటినీ ఇసుక సంచుల మీదే చూస్తాం.