భాగారాలు: స్టెప్పులన్నీ కరెక్టే, ఆన్సర్ మాత్రం తప్పు!!

విసిగిన_అమ్మ: సాయంత్రం నుంచి మావాడితో కూర్చున్నానండీ, తల పగిలిపోతోంది. ఎక్కాలు గడగడా చెప్తాడు, తీసివేతలు వచ్చు, దించుకోవడం వచ్చు, అయినా కొన్ని లెక్కలకి ఆన్సర్ తప్పొస్తోంది. కొన్నేమో కరెక్ట్. ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాతపంతులు: ఎక్కాలమ్మా, ఎక్కాలు. ఇప్పటి పిల్లలు చూసి చదువుతారు తప్ప నోటికి రావు. వరసగా కాదు, తిరగేసి అడగాలి, యాభై ఆరు ఏ ఎక్కంలో వస్తుందంటే టక్కున ఏడెనిమిదులు అనాలి. అది రానివాడికి భాగహారం మొదలుపెట్టడమే తప్పు.

విసిగిన_అమ్మ: మాస్టారూ, ఎక్కాలు వచ్చనే కదా రాశాను.

గళ్లనోటు: లెక్క పెట్టండి. లెక్క లేకుండా ఏం చెప్తాం.

విసిగిన_అమ్మ: సారీ. 963ని 3తో చేస్తే 321, కరెక్టే. 824ని 4తో చేస్తే 26 రాశాడు, 618ని 6తో చేస్తే 13.

గళ్లనోటు: సున్నా మింగేశాడు.

గళ్లనోటు: 8లో 4 రెండుసార్లు, అక్కడిదాకా ఓకే. 2 దించాడు, 2లో 4 పోదు, పోదు కదా అని పైన ఏమీ రాయకుండా పక్కనున్న 4 కూడా దించేసి 24 చేసుకుని 6 వేశాడు. దించిన ప్రతి అంకెకీ పైన ఒక అంకె పడాలి, పోకపోతే సున్నా. గళ్ల కాగితం మీద వందలు పదులు ఒకట్లు అని రాసి చేయించండి, ఖాళీ గడి వాడికే కనపడుతుంది.

సగంటీచర్: అసలు "8లో 4" అనడమే తప్పండీ. అది ఎనిమిది కాదు, ఎనిమిది వందలు. 800 నలుగురికి పంచితే తలా 200, మిగిలిన 24 పంచితే తలా 6, మొత్తం 206. ముందే ఆన్సర్ రెండొందల పైన ఉంటుందని తెలిస్తే పిల్లాడు 26 రాసి ఊరుకుంటాడా?

పాతపంతులు: పంచడమే భాగహారం కాదు. 824లోంచి నాలుగేసి తీస్తూ పోతే ఎన్నిసార్లు తీయగలం, అదీ భాగహారమే. పంచడం ఒక్కటే నేర్పితే రేపు అరతో భాగించమంటే అరమనిషికి పంచుతారా?

సగంటీచర్: నాలుగో తరగతి పిల్లాడికి అర ఎందుకండీ ఇప్పుడు 😀

పాతపంతులు: నాలుగో తరగతని ఆవిడ ఎక్కడ చెప్పారు?

గళ్లనోటు: ఎవరెలా చెప్పినా చివర్లో సరిచూసుకోవడం అలవాటు చేయండి. భాగఫలాన్ని భాజకంతో గుణించి శేషం కలపాలి. 26 నాలుగులు 104, ఎక్కడ 824 ఎక్కడ 104.

విసిగిన_అమ్మ: మూడో తరగతేనండీ. సున్నా సంగతి చెప్పా, 206, 103 వచ్చేశాయి! కానీ ఇప్పుడు 132ని 4తో చేసి 033 రాశాడు, 1లో 4 పోదుగా అందుకే సున్నా అంటున్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

సగంటీచర్: చూశారా, రూలు ఒక్కటే చెప్తే ఇలాగే ఉంటుంది.

గళ్లనోటు: వాడు చెప్పింది కరెక్టే. విలువ మారదు, మొదట్లో వచ్చే సున్నా రాయం, అంతే. మధ్యలోదీ చివరిదీ మాత్రం వదలకూడదు. 840ని 4తో ఇచ్చి చూడండి, చివరి సున్నా మింగుతాడేమో.

పాతపంతులు: శేషం సున్నాకీ, భాగఫలంలో సున్నాకీ తేడా కూడా చెప్పాలి, దాని గురించి వివరంగా రాస్తాను.

విసిగిన_అమ్మ: 21 అన్నాడు 🤦 సరే గళ్ల నోటు కొంటా. థాంక్సండీ అందరికీ.